చిన్న కారు, పెద్ద హోరు

(మన సమాజపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు మనము రెండు పనులు తప్పక చేస్తాము. ఒకటి నోటితో, రెండవది చెవితో. నోటితో పచ్చడి తింటాము, చెవితో పంచాంగము వింటాము. ఈ రెండవదానికి పంచాంగ పఠనమని కాక పంచాంగ శ్రవణమని మన పెద్దలు పేరు పెట్టినారు. చదివేవాడు ఒక్కడే అయినా పండుగ మాత్రము వినేవారిదని వారి అభిప్రాయము కాబోలు. అయితే వినడమనేది చెవి ఒక్కటే చేయగలిగిన పని కాదు. చుట్టూ కొంత నిశ్శబ్దము కూడా కావాలి. ఆ నిశ్శబ్దము కరువైన చోటు ఒకటి ఈనాడు మనలో చాలామంది ఇండ్ల ముందు నిలబడి ఉన్నది. అదే మన చిన్న కారు.

కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమని అడిగినప్పుడు, "కారులోని హోరును గురించి మాట్లాడతాము" అంటే వారు మొదట నవ్వినారు. ఉగాది సభకు కారు మరమ్మత్తుకు ఏమి సంబంధము అన్నారు. సంబంధము ఉన్నదో లేదో చివర మీరే చెప్పండి. మేము కార్ల పనివారము కాము. చదివి, తెలిసినవారిని అడిగి, చేసి చూసి, ఒకసారి చెడగొట్టుకొని తెలుసుకొన్న సంగతులు నాలుగు మీతో పంచుకోవాలని వచ్చినాము.

ముందు అసలు కారణము మనవి చేస్తాము. మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. బ్రతుకుతెరువుకు బెంగళూరు వచ్చి ఇరవై యేండ్లు దాటినది. ఏటా సంక్రాంతికి మా అమ్మను, పిల్లలిద్దరినీ చిన్న కారులో కూర్చోబెట్టుకొని ఊరికి పోతాము. హొసకోటె, కోలారు, ముళబాగిలు, నంగిలి, పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరు మీదుగా సుమారు 240 కిలోమీటర్ల దారి. ఆ దారిలో మా అమ్మకు తెలియని ఊరు లేదు. ఏ ఊళ్లో మనవారెవరు ఉండేవారు, ఏ చెరువు ఏ యేడు తెగినది, మొగిలీశ్వరుడి గుడికి ఎవరు ఎడ్లబండి కట్టుకొని వచ్చేవారు, అన్నీ ఆమెకు నోటికి వచ్చును. మా పిల్లలు బెంగళూరులో పుట్టినవారు. వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో అవసరమైనంత తెలుగు. అవ్వ నోటి తెలుగు వారికి తీరికగా దొరికేది ఏడాదికి ఈ నాలుగైదు గంటలే.

రెండు సంక్రాంతుల కిందటి మాట. కారు హొసకోటె దాటి వేగము అందుకొన్నది. చిన్నవాడు పాల సీసా చేతబట్టుకొని, "పాలు కావాలా అవ్వా?" అని అడిగినాడు. ఆమె, "కాలా? కాలు నొప్పి లేదులే నాయనా" అన్నది. పిల్లలు పగలబడి నవ్వినారు. మేమూ నవ్వినాము. ఆమె కూడా కొంచెము నవ్వి, కిటికీ వైపు తిరిగినది. మళ్లీ మాట లేదు. నిద్రపోయినదనుకొన్నాము. ముళబాగిలులో దోసెలకని ఆగినప్పుడు చూస్తే, ఆమె తన చేతిసంచిలోనుంచి చెవి మిషను తీసి పెట్టుకొంటున్నది. "దారిలో ఎందుకమ్మా తీసేసినావు?" అంటే, "హోరు తప్ప ఇంకేమి వినబడుతుంది నాయనా? ఈ మిషను ఆ హోరునే ఇంకా పెద్దది చేస్తుంది. ఊరికే తప్పు జవాబులు చెప్పి నవ్వులపాలు కావడమెందుకు?" అన్నది.

ఆ మాట మాకు తగిలినది. ఏడాదిలో అందరము ఒకచోట కూర్చునే ఆ కొద్ది గంటలను మా కారే మింగివేస్తున్నదని ఆనాటికి కాని మాకు తెలిసిరాలేదు. ఆ దినము మొదలు ఈ హోరు సంగతి తేల్చుకోవాలని కూర్చున్నాము.

మొదట "పాలు" "కాలు" ఎట్లా అయినదో చూద్దాము. మన మాటలో అచ్చులు బరువైన ధ్వనులు, దూరము పోతాయి. ప, త, క, స వంటి హల్లులు సన్నని ధ్వనులు, బలము తక్కువ. మాటను మాటనుంచి వేరుచేసి చూపేవి మాత్రము ఈ బలహీనమైన హల్లులే. వయసు మీదపడినప్పుడు చెవి ముందుగా పోగొట్టుకొనేది ఈ సన్నని ధ్వనులనే. కారు అద్దాల దగ్గర గాలి చేసే "సుయ్" మనే రొద సరిగ్గా ఈ సన్నని ధ్వనుల మీదనే వచ్చి పడుతుంది. అందుచేత పెద్దవారికి "మాట వినబడుతున్నది కాని తెలియడము లేదు" అనిపిస్తుంది. వారు పరధ్యానముగా ఉన్నారని మనము విసుక్కొంటాము. పరధ్యానము వారిది కాదు, హోరు మనది.

ఇక హోరు ఎక్కడినుంచి వస్తుంది? కారులో ముఖ్యముగా మూడు ధ్వనులు. ఒకటి ఇంజనుది. రెండు టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు పుట్టేది. మూడు గాలిది. ఊళ్లో మెల్లగా పోయేటప్పుడు ఇంజను ముందుంటుంది. వేగము కొంచెము పెరిగితే టైరు దానిని మించుతుంది. హైవే మీద గాలి కూడా వచ్చి చేరుతుంది.

ఇంజను లేకపోతే కారు నిశ్శబ్దముగా ఉంటుందని చాలామంది అనుకొంటారు. దీనికి మన బెంగళూరే మంచి ఉదాహరణ ఇచ్చినది. 1994లో ఇక్కడ స్థాపించిన రేవా సంస్థ 2001లో ఒక బుల్లి విద్యుత్ కారును అమ్మకానికి తెచ్చినది. చేతన్ మైనీగారి కృషి అది. లండను వీధులలో అదే కారు జీ-విజ్ అనే పేరుతో తిరిగినది. 2010లో ఆ సంస్థ మహీంద్రావారి చేతికి పోయినది. విద్యుత్ కారులో ఇంజను మోత ఉండదు. అయితే పెండ్లి పందిట్లో మేళము ఆగగానే వంటశాలలో గిన్నెల చప్పుడు పైకి వచ్చినట్లు, ఇంజను మౌనము వహించగానే టైరు ఒరిపిడి, గాలి రొద, ఎక్కడో ఒక మర వదులై చేసే కిటకిట, అన్నీ బయటపడతాయి. ఒక ధ్వని ఇంకొకదానిని కప్పి ఉంచుతుందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకొంటే మనకు సగము శ్రమ తప్పుతుంది.

ఎందుకంటే, లెక్క ఇట్లా ఉన్నది. ధ్వనిని డెసిబెల్లలో కొలుస్తారు. 10 డెసిబెల్లు తగ్గితే మన చెవికి మోత సుమారు సగమైనట్లు తోస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా అయితే చెవికి దాదాపు ఆననే ఆనదు. టైరు, గాలి సమానముగా అరుస్తున్నాయనుకొందాము. ఒకదాని నోరు పూర్తిగా మూయించినా తగ్గేది 3 డెసిబెల్లే. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా అరుస్తూ ఉంటే, చిన్నదానిని పట్టుకొని ఎంత డబ్బు పోసినా ఫలితము కనబడదు. కనుక ముందు చేయవలసినది కొనడము కాదు, వినడము. ఏ ధ్వని ఎక్కడిదో కనుక్కోవాలి.

దానికి సులభమైన పరీక్షలు ఉన్నవి. ట్రాఫిక్కు లేని దారిలో 50 వేగముతో పోతూ ఒకసారి నాలుగవ గేరులోను, ఒకసారి మూడవ గేరులోను వినండి. వేగము ఒకటే అయినా గేరుతోబాటు మోత మారితే అది ఇంజను పని. మన ఊరిలో చాలా వీధులకు వైట్ టాపింగ్ పేరుతో కాంక్రీటు వేసినారు గదా. తారు రోడ్డుమీదినుంచి ఆ తెల్ల రోడ్డుమీదికి అదే వేగముతో ఎక్కేటప్పుడు మోత మారితే అది టైరుది. రోడ్డు ఏదైనా మారక, 70 దాటినప్పటినుంచి పెరుగుతూ, ఎదురుగాలికి హెచ్చుతూ, గాలివాలుకు తగ్గుతూ ఉంటే అది గాలిది. హైదరాబాదు పోయే దారిలో అనంతపురము సీమలో ఈ భేదము బాగా తెలుస్తుంది. రామగిరి కొండలమీద గాలిమరలు పెట్టినది ఊరికే కాదు గదా! అక్కడ పక్కగాలి తగిలితే ఒక వైపు అద్దము రొదపెట్టడము, రెండవ వైపు ఊరకుండడము మనలో చాలామందికి అనుభవమే.

ఒక హెచ్చరిక. వినే పని పక్కన కూర్చున్నవారిది. నడిపేవారి దృష్టి దారిమీదనే ఉండాలి.

గాలి దొంగవంటిది, సందు కావాలి. ధ్వనిశాస్త్రములో ఒక లెక్క ఉన్నది. ఒక గోడ వైశాల్యములో నూటికి ఒక వంతు సందు ఉంటే, మిగిలిన తొంబదితొమ్మిది వంతులు కోటగోడ అయినా సరే, మొత్తము మీద ఆగేది 20 డెసిబెల్లే. అంటే తలుపు రబ్బరు ఒకచోట నలిగి ఉన్నప్పుడు తలుపుకు ఎంత మందపు అట్టలు అంటించినా వృథా. చిల్లి కుండకు బయట సున్నము కొట్టినట్లే.

ఈ సందులను పట్టడానికి ఒక్క కాగితపు ముక్క చాలును. తలుపు అంచున కాగితము పెట్టి తలుపు వేయండి. లాగితే బిగువుగా రావాలి. జారిపోయి వస్తే అక్కడ రబ్బరు బీడింగు పట్టడము లేదన్నమాట. తలుపు చుట్టూ జానెడు జానెడు దూరములో ఇట్లా చూడండి. రాత్రిపూట ఒకరు లోపల కూర్చొని టార్చిలైటు అంచుల వెంబడి తిప్పుతూ ఉంటే, బయట నిలిచినవారికి సందు ఉన్నచోట వెలుతురు గీత కనబడుతుంది. అనుమానమున్న చోట రంగు ఊడని కాగితపు టేపు పైనుంచి అంటించి, ఒకసారి హైవేకు పోయి రండి. మోత తగ్గితే దొంగ దొరికినట్లే. మా కారులో దొరికినది వెనుక ఎడమ తలుపు పైమూలలో. సరిగ్గా మా అమ్మ కూర్చునే చోటు! బీడింగును తడిగుడ్డతో తుడిచి, గాడిలో సరిగా కూర్చోబెట్టి, నలిగిన ముక్క మార్పిస్తే ఆ సుయ్ మనేది సగానికి పైగా పోయినది.

సందు లేకపోయినా గాలి పాడే చోట్లు ఉన్నవి. చిన్నప్పుడు మనము తంతి స్తంభానికి చెవి ఆనించి లోపల ఎవరో పాడుతున్నారని సంబరపడినవాళ్లమే. తీగెను దాటి పోయే గాలి రెండు పక్కల వంతులవారీగా సుడులు విడుస్తుంది. ఆ సుడులే పాట. కారు మీది ఏరియల్ కడ్డీకీ అంతే. 5 మిల్లీమీటర్ల కడ్డీ మీద 100 కిలోమీటర్ల వేగముతో గాలి పోతే సెకనుకు సుమారు 1100 సుడులు పుడతాయి. అది మన చెవికి చక్కని ఈల. అందుకే చాలా కార్ల ఏరియల్‌కు మర చుట్టినట్లు ఒక గట్టు ఉంటుంది. సుడులన్నీ ఒక్కసారి కలిసి పాడకుండా అది చెదరగొడుతుంది. పెట్టెలు కట్టుకోవడానికి పైన బిగించిన కారియరు, వానకని తలుపులకు అంటించిన ప్లాస్టిక్ రెక్కలు కూడా ఈలవేసేవే. సామాను లేనప్పుడు కారియరు ఊడదీసి ఇంట్లో పెట్టండి. ఖర్చులేని మందు.

వెనుక అద్దము ఒక్కటి దించితే చెవులు దడదడలాడడము మీరు ఎరిగినదే. ఖాళీ సీసా మూతిమీద ఊదితే బుయ్ మన్నట్లు, కారు సీసా, కిటికీ మూతి అవుతాయి. రెండవ వైపు అద్దము కొంచెము దించితే దడ ఆగిపోతుంది.

ఇక టైరు. దీనిని చేతితో చదవవచ్చును. కారు ఆపి, చల్లారిన తర్వాత టైరు పట్టీమీద అరచేతితో ముందుకొకసారి, వెనుకకొకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకొకవైపు రంపపు పళ్లవలె తగిలితే అరుగుదల సమముగా లేదన్నమాట. ఆ పళ్లు రోడ్డును కొట్టే చప్పుడే మనము లోపల వినే ఊఁ అనే మోత. అలైన్‌మెంటు, బాలెన్సింగు చూపించుకోవాలి. గాలి ఎంత పట్టాలో నడిపేవారి తలుపు దగ్గర చీటీమీద రాసి ఉంటుంది. ఎక్కువ పెడితే ప్రతి గులకరాయీ లోపల పలుకుతుంది. మెత్తగా ఉంటే మంచిదని తక్కువ పెడితే టైరు వేడెక్కి పగిలే ప్రమాదమున్నది. ఆ చీటీ మాటే వేదము. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరములో 23వ వారము తయారైనదని అర్థము. అరుగుదల లేకపోయినా యేండ్లు గడిచిన కొద్దీ రబ్బరు బిరుసెక్కి మోత హెచ్చుతుంది.

ఐరోపా దేశాలలో 2012 నవంబరునుంచి ప్రతి కొత్త టైరుకూ అది ఎంత మోత చేస్తుందో అంకె వేసి అమ్ముతున్నారు. అయితే ఆ అంకె రోడ్డు పక్కన నిలిచినవారికి వినబడే మోతది, కారులోనివారికి వినబడేది కాదు. అంకె తక్కువైతే మేలే కాని దానిమీదనే భారము వేయకూడదు.

టైరు మోతవంటిదే ఇంకొకటి ఉన్నది, జాగ్రత్తగా వినవలసినది. వంపు తిరిగేటప్పుడు ఒక వైపుకు హెచ్చి, రెండవ వైపుకు తగ్గే గుర్రుమనే ధ్వని అయితే అది చక్రపు బేరింగుది కావచ్చును. దానిని అణచడము కాదు, వెంటనే మెకానిక్కుకు చూపించాలి.

ఇప్పుడు అందరూ అడిగే అట్టల సంగతి. జె.సి. రోడ్డుకు పోతే తలుపులకు, అడుగున, డిక్కీలో అంటించే నల్లని అట్టలు, వెండి కాగితపు అట్టలు, స్పాంజీలు రకరకాలు చూపిస్తారు. ఇవన్నీ ఒకటే అనుకోవడము పొరపాటు. ఇవి మూడు రోగాలకు మూడు మందులు. రేకు అదరకుండా పట్టేది ఒకటి, ధ్వనిని బరువుతో అడ్డేది ఒకటి, లోపల తిరిగే ధ్వనిని పీల్చుకొనేది ఒకటి.

మొదటి మందు సంగతి మృదంగము తెలిసినవారికి చెప్పనక్కరలేదు. విశాఖపట్నములో బాల్యము గడిపి, 1933లో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వచ్చిన సర్ సి.వి. రామన్‌గారు, కలకత్తాలో ఉండగా 1920లోనే మన మద్దెలల నాదాన్ని పరిశోధించి, తోలు మీద మధ్యన వేసే నల్లని కరణ దాని అదురును ఎట్లా క్రమపరుస్తుందో చూపించినారు. ఎడమ వైపున విద్వాంసుడు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తాడు. తోలంతటికీ పూయడు, నడుమ కొంచెము చాలును, ధ్వని దిగుతుంది. కారు తలుపు రేకూ అట్లాంటి తోలే. వేలితో కొట్టి చూడండి. టంగుమంటే అంటించాలి, దబ్బుమంటే అక్కరలేదు. జిగురు అట్ట రేకులో మూడవ వంతు, నాలుగవ వంతు కప్పినా పని జరుగుతుంది. అంతా కప్పడము డబ్బు దండుగ.

రెండవది బరువు మందు. చిన్న కారు రేకు మందము సుమారు ముప్పాతిక మిల్లీమీటరు. చదరపు మీటరుకు సుమారు ఆరు కిలోల తూకము. లెక్కప్రకారము ఇంకొక 6 డెసిబెల్లు ఆపాలంటే బరువు రెట్టింపు చేయాలి. కారంతా అట్లా చేస్తే అది చిన్న కారుగా మిగలదు, పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది. కనుక అడుగున కాళ్ల దగ్గర, వెనుక చక్రాల గూళ్లపైన మాత్రము వేయించండి. టైరు మోత వచ్చే దారులు అవే. కాళ్లకింద వేసే చాప బ్రేకు కిందికి జారకుండా కొక్కేలతో బిగించి ఉండాలి సుమా.

మేము చెడగొట్టుకొన్నది ఇక్కడే. ఒక అంగడిలో తలుపులకు అట్టలు అంటింపించినాము. పనివాడు ఉత్సాహము కొద్దీ అడుగంచు వరకు మూసివేసినాడు. తలుపు అడుగున వాననీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయని అతనికి తోచలేదు, మాకు తెలియదు. ఆ యేడు ముంగారు వానలకు తలుపు మూసినప్పుడల్లా లోపల నీళ్లు బొళుక్కుమనడము మొదలైనది. ఒక హోరు పోగొట్టబోయి చెరువు కొనితెచ్చుకొన్నాము! అట్టలు కోయించి, రంధ్రాలు తెరిపించి, తుప్పు గీకించేసరికి మొదటి ఖర్చుకు ఇంకొకంత అయినది. కనుక ఆ రంధ్రాలను మూయనీయకండి. గాలిసంచులు ఉన్న స్తంభాలను, సీట్ల పక్కలను ముట్టుకోనీయకండి. ఇంజను గదిలో దూది, గోనెవంటివి కుక్కనీయకండి, నిప్పుతో చెలగాటము అది. ఇండ్ల మిద్దెలకు వేసే తారు అట్ట చవుక అని కారులో వేయించకండి. మన ఎండకు కరిగి, వాసనకు కడుపులో తిప్పుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ చేసినాము. హోరు తగ్గినది. అయినా మొన్న సంక్రాంతికి ముందు ఒక ఆదివారము కోలారు వరకు పోయి వస్తే, 100 వేగములో మా అమ్మ మళ్లీ కిటికీ వైపే తిరిగినది. మాకు నిరుత్సాహము కలిగినది. ఇంకేమి అంటించాలి, ఎక్కడ అంటించాలి అని కాగితము పెన్సిలు తీసుకొని కూర్చున్నాము. అప్పుడు తోచినది, అన్నిటికంటె పెద్ద మందు మన పాదము కిందనే ఉన్నదని.

గాలి రొద వేగముతోబాటు మామూలుగా పెరగదు, విపరీతముగా పెరుగుతుంది. దాని బలము వేగపు ఆరవ ఘాతము వరకు పోతుంది. 100నుంచి 80కి దిగితే గాలి రొద 5, 6 డెసిబెల్లు, టైరు మోత 3, 4 డెసిబెల్లు తగ్గుతాయి. రేకు మందము రెట్టింపు చేస్తే వచ్చే ఫలము, పాదము కొంచెము ఎత్తితే వస్తుంది. ఖర్చు ఎంత? మా దారిలో ఊళ్లు, ఘాటు తీసివేస్తే తెరిపిగా పోయే దూరము 150 కిలోమీటర్లు. 100 వేగముతో 90 నిమిషాలు, 80తో 112 నిమిషాల చిల్లర. తేడా ఇరవై రెండు నిమిషాలు. ముళబాగిలులో దోసె ఆలస్యమైతే ఇంతకంటె ఎక్కువ పోతుంది! ఈ ఇరవై రెండు నిమిషాలను మిగుల్చుకోవడానికి మేము ఇన్నేండ్లు నాలుగు గంటల మాటలను పోగొట్టుకొన్నాము.

అట్లాగని సందులు మూయడము, టైర్లు చూపించడము వృథా అని మా ఉద్దేశము కాదు. అవి చేసినందుకే 80 వేగములో మాట తేటగా వినబడుతున్నది. ఒకటి తోడైతేనే రెండవది ఫలించినది. 80తో పోయేవారు ఎడమవైపు వరుసలో పోవాలి, వెనుకవారికి దారి ఇవ్వాలి. అది కూడా మర్యాదే.

ఇంకొక మాట. హోరంతా పోవాలని కోరుకోకూడదు. హారను, అంబులెన్సు కూత, టైరు దిగిన చప్పుడు, ఇవి వినబడితీరాలి. విద్యుత్ కార్లు మరీ నిశ్శబ్దముగా వచ్చి నడిచిపోయేవారికి ప్రమాదము కాగలవని, మెల్లగా పోయేటప్పుడు అవి కావాలనే ఒక ధ్వని చేయాలని ఐరోపావారు 2019లో కొత్త నమూనాలకు, 2021లో కొత్త కార్లన్నిటికీ నియమము పెట్టినారు. మనకు కావలసినది నిశ్శబ్దము కాదు, మాట వినబడేంత నెమ్మది. హోరుమీద పాటల పెట్టె గట్టిగా పెట్టడము మందు కాదు, హోరుకు ఇంకొక హోరు చేర్చడమే.

మొన్న సంక్రాంతికి 80 వేగముతోనే పోయినాము. హొసకోటె దాటినది, కోలారు దాటినది. చెవి మిషను అమ్మ చెవిలోనే ఉన్నది. నంగిలి దాటుతుండగా పెద్దది, "అవ్వా, నువ్వు పెళ్లికూతురిగా ఈ దారిలోనే వచ్చావా?" అని వెనుకనుంచి మెల్లగా అడిగినది. "ఈ దారి ఎక్కడిది తల్లీ? ఇది నిన్న మొన్నటిది. పాత దారి ఆ చింతచెట్ల వరుసలో ఉండేది" అని ఆమె ఎత్తుకొన్న కథ మొగిలి ఘాటు దిగేవరకు సాగినది. ఎడ్ల మెడలో గంటల పేర్లు చెప్పినది. కాడి, నొగ, ఇరుసు అనే మాటలు మా పిల్లలు మొదటిసారి విన్నారు. చిన్నవాడు "ఇరుసు" అనబోయి "ఇడుసు" అంటే ఆమె వెంటనే దిద్దినది. ముందు సీటులో మేము ఒకరి ముఖము ఒకరు చూసుకొన్నాము. ఒక్క హల్లు! వెనుకటి యేడు ఆ హల్లు ఆమెను చేరేదే కాదు.

ఆ కథలో సగము మాకూ తెలియనిదే. తన పెండ్లినాటి సంగతులు మా అమ్మ మాకు ఎన్నడూ చెప్పలేదు. మేము ఎన్నడూ అడగలేదేమో. లేక అడిగినా హోరులో వినబడలేదేమో.

అన్నలారా, అక్కలారా, మనము ఊరు విడిచి వచ్చినవారము. మన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి ఆదివారము తరగతులు పెడుతున్నాము, మంచిదే. కాని భాష అక్షరాలలోకంటె ముందు చెవిలో ఉన్నది. ఆ చెవికి చేరే దారిలో ఎన్ని అడ్డంకులు ఉన్నవో, వానిలో కొన్ని ఎంత చిన్నవో, ఒక నలిగిన రబ్బరు ముక్క, ఒక అరిగిన టైరు, కొంచెము ఎక్కువ నొక్కిన పాదము, చూసుకోవలసిన బాధ్యత మనది. ఈ సెలవులలో మీరు ఊరికి బయలుదేరేముందు ఒక కాగితపు ముక్క తీసుకొని తలుపుల చుట్టూ ఒకసారి చూడండి. వెనుక సీటులో పెద్దవారు కిటికీ వైపు తిరిగి కూర్చొని ఉంటే, నిద్రపోయినారని అనుకోకండి. వేగము కొంచెము తగ్గించి, ఒక మాట అడిగి చూడండి.

ఈ కొత్త సంవత్సరములో మీ అందరి ఇండ్లలో మంచి మాటలు వినబడుగాక, వినేవారు, చెప్పేవారు చల్లగా ఉందురుగాక అని కోరుతున్నాము.

శుభమస్తు.